పాతర మీది పలక

రాళ్లవాగుపల్లె, కొమరోలు దారి
6-7-1936

నాయనకు రోశమ్మ దండాలు.

నీ కళ్ళకు పొరలు కమ్మాయి కాబట్టి ఈ ఉత్తరం ఎవరో ఒకరు చదివి వినిపించాలి. చదివేవాళ్ళు ఎవరైనా సరే, గొంతెత్తి చదవండి. నేను గెలిచాను నాయనా! మన ఊరుమ్మడి జొన్నల పాతరకు ఈ ఏటి నుంచి ట్రెజరరును నేనే.

నువ్వు మార్కాపురం వెళ్ళిపోయినాక పాతర మూతకు వేసే ముద్ర ఎవరి చేతికి ఇవ్వాలా అని మొన్న పున్నమినాడు కూడారు. మా మామ పిచ్చయ్య తన పెద్దకొడుకు పేరు చెప్పాడు. ఎవరూ నోరెత్తలేదు. ఊరి పెద్ద, ఎనభై ఎకరాల ఆసామి, ఎవరెత్తుతారు? అప్పుడు మల్లమ్మవ్వ లేచింది. "పధ్నాలుగేండ్లు నరసింహులు చేసినాడు. ఆయనకు కండ్లు పోయినాయి. కండ్లుండే ఆయన బిడ్డ ఉండాది. దానికిద్దాం" అంది. మల్లమ్మవ్వ ఇంట్లో ఎప్పటిలాగే రెండు కుండలు పెట్టారు. పొయ్యికొక చింతగింజ. అరవైమూడు పొయ్యిలు. నా కుండలో ముప్పైఎనిమిది పడ్డాయి.

మామ ముఖం చూడాల్సింది. "ఆడదాని చేతిలో ఊరి పాతరా? కొమరోలోళ్ళు నవ్విపోతారు" అన్నాడు. "గింజలేసేది ఆడోళ్ళే గదా మామా. ముద్ర కూడా ఆడదే పట్టుకుంటాది. నవ్వనీలే" అన్నాను. పెళ్ళయిన పదేళ్ళలో ఆయనకు ఎదురుగా తలెత్తి మాట్లాడడం ఇదే మొదలు. నాలుకేమీ తెగి పడలేదు. మీ అల్లుడు సుబ్బయ్యేమో ఇంటికొచ్చి ఒకటే నవ్వు. "వేరు కాపురం పెట్టినప్పుడే అనుకున్నా, ఈ పొయ్యి ఊరికే ఉండదని" అంటాడు.

ముద్ర తీసుకునేటప్పుడు పాతరలో కర్ర దించి జొన్నలు ఎంత లోతు ఉన్నాయో కొలవాలని మల్లమ్మవ్వ కర్ర తెచ్చింది. నేనే వద్దన్నాను. పాతర మూత మీద నువ్వు వేసిన కంకి ముద్ర ఎట్లున్నది అట్లే ఉంది, పగులు కూడా లేదు. నీ ముద్ర తీసి కొలిస్తే నిన్ను అనుమానించినట్టే కదా. దాని పక్కనే తడిమట్టి మెత్తి నా ముద్ర వేశాను.

ఇప్పుడు నాకొకటి కావాలి. ఈ కొలువు ఎట్లా పుట్టింది, ఎవరు పెట్టారు, దాని హద్దులేమిటి, మొదటి నుంచీ రాయించి పంపు. "ఏ శాస్త్రంలో ఉండాది ఇది?" అని మామ రోజూ అడుగుతున్నాడు. ఆయన ముఖాన చదవాలి.

నీ బిడ్డ
రోశమ్మ


మార్కాపురం
15-7-1936

అమ్మా రోశమ్మకు నీ నాయన నరసింహులు దీవెనలు. నేను చెబుతుంటే పలకల కొట్టు పుల్లారావు గారు రాస్తున్నారు. మీ మేనత్త యల్లమ్మ బాగుంది. నా కళ్ళు అట్లనే ఉన్నాయి. మనిషి నీడ తెలుస్తుంది, ముఖం తెలియదు.

అడిగావు గనుక చెబుతున్నాను. అరవై ఏళ్ళ కింద ఇదే ధాత సంవత్సరంలో కరువు వచ్చింది. ఈ ఏడు మళ్ళీ అదే పేరు తిరిగి వచ్చిందని మల్లమ్మ భయపడుతూ ఉంటుంది, దాని భయం అబద్ధం కాదు. ఆనాడు ఊరుమ్మడి పాతర పెద్దరైతుల చేతిలో ఉండేది. జనం చింతగింజలు ఉడకేసుకుని తింటుంటే వాళ్ళు పాతర తీసి బళ్ళకెత్తి అమ్ముకున్నారు. కంచే చేను మేసింది. ఊళ్ళో సగం పొయ్యిలు ఆరిపోయాయి. మల్లమ్మ అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల. ఇద్దరు తమ్ముళ్ళను పోగొట్టుకుంది.

కరువు తీరి మొదటి పంట వచ్చినప్పుడు, మిగిలిన ఆడవాళ్ళు పాతర నోటి మీద కూర్చున్నారట. మగవాళ్ళు గింజలు పోయడానికి వస్తే లేవలేదు. ఎకరాల లెక్కన కాదు, పొయ్యి లెక్కన మాట చెల్లాలన్నారు. పొయ్యి రాజేసే చెయ్యే గింజ వేయాలన్నారు. గింజలు తిన్న ఊరు కాబట్టి ఆ చింతగింజలతోనే మనిషిని ఎన్నుకోవాలన్నారు. అట్లా పుట్టింది ఈ కొలువు. మొదట ముద్రగాడు అనేవారు. నేను కొలువెక్కిన ఏడు సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు ఒకాయన వచ్చి చూసి పుస్తకంలో ట్రెజరరు అని రాసుకుపోయాడు. అప్పటి నుంచి ఆ పేరు.

హద్దులు మూడే. కొత్తగా ముద్ర పట్టినవాళ్ళు కర్ర దించి కొలిచి తీసుకోవాలి. ఒంటిగా పాతర తీయకూడదు, పొయ్యిలన్నీ చూస్తుండగా తీయాలి. వానలు తప్పిన ఏడు పొయ్యికింతని పంచాలే గానీ, అమ్మకూడదు.

నువ్వు కర్ర దించకపోవడం పొరపాటే. అయినా అయిందేదో అయింది, ఇప్పుడు కదిలించవద్దు. నా మాట విని ఆ ముద్ర ఇంకెవరికైనా ఇచ్చేయి. మామతో వైరం మంచిది కాదు.

నీ నాయన
నరసింహులు

అమ్మాయీ, ఇది పుల్లారావు చేర్చిన ముక్క. మీ ఉత్తరం మీరు అడిగినట్టే గొంతెత్తి చదివాను, బజారంతా విన్నది. గెలిచాను అన్నచోట మీ నాయన తొడ చరిచాడు. కర్ర దించలేదన్నచోట మాత్రం మరోసారి చదవమన్నాడు. చదివాను. తరువాత కాఫీ తాగలేదు.


రాళ్లవాగుపల్లె
9-8-1936

నాయనకు,

నీ ఉత్తరం మామ ముందు చదివాను. పాతర నోటి మీద ఆడవాళ్ళు కూర్చున్న సంగతి దగ్గర మల్లమ్మవ్వ ఏడ్చింది. ఆమె తల్లి కూడా ఆ రోజు అక్కడ కూర్చున్నదట.

మామకు మాత్రం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఎండకు వరిగ చేలు మాడిపోయాయి. జొన్న ధర పెరుగుతోంది. గిద్దలూరు స్టేషను కాడికి బళ్ళు తోలితే చేతిలో డబ్బు పెట్టే వ్యాపారి దొరికాడట. "పాతర తీయి, సగం అమ్ముదాం, డబ్బు ఊరికే వస్తాది" అన్నాడు నిన్న. తీయనన్నాను. "వానలు తప్పినాయి గదా, తీయాల్సిందే గదా" అన్నాడు. "తీస్తా మామా. వచ్చే పున్నమికి, అరవైమూడు పొయ్యిల ముందు తీస్తా. పంచడానికి తీస్తా. ఒక్క గింజ గిద్దలూరు పోదు" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు నాయనా, నవ్వాడు. నాకు అదే నచ్చలేదు. "పొయ్యిలన్నింటి ముందు తీస్తావా? తీయి తల్లీ. తీసే ముందు మాత్రం మీ నాయనను ఒక మాట అడుగు" అన్నాడు. ఏమడగాలి అంటే, "ఆయనకు తెలుసులే" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఏంది నాయనా అది? నీకేం తెలుసు? మూడు హద్దులు చెప్పావు, పొరపాటన్నావు, వెంటనే కదిలించవద్దన్నావు. పొరపాటైతే దిద్దుకో అని చెప్పాలి గానీ కదిలించవద్దని ఎందుకు చెప్పావు? నువ్వు నాకు నేర్పిన మాట ఇది కాదే!

రోశమ్మ


మార్కాపురం
16-8-1936

అమ్మా రోశమ్మకు,

వియ్యంకుడు ఏదో నోటికి వచ్చింది అని ఉంటాడు. పట్టించుకోవద్దు. నీ పొయ్యి, నీ కాపురం చూసుకో. ముద్ర ఆయన పెద్దకొడుక్కు ఇచ్చేస్తే ఊళ్ళో గొడవ ఉండదు. నేను చెప్పవలసింది అంతే.

నరసింహులు

పుల్లారావు రాస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి మీ నాయనకు మూడు పూటలు పట్టింది. మొదలుపెడతాడు, నా వైపు తిరుగుతాడు, ఆపేస్తాడు. నేను పరాయివాణ్ణి కదా, నాతో చెప్పలేనిది ఏదో ఉంది. పోయేటప్పుడు ఒక పలక కావాలన్నాడు. కళ్ళు కనబడనివాడికి పలకెందుకయ్యా అంటే, "నల్లటి దాని మీద తెల్లటి పెద్ద గీత తెలుస్తాదిలే" అన్నాడు. మంచి క్వారీ రాయి, చెక్క చట్రం వేసింది, ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు.


రాళ్లవాగుపల్లె
21-8-1936

రాళ్లవాగుపల్లె పాతర మాజీ ట్రెజరరు నరసింహులు గారికి,

ఇప్పటి ట్రెజరరు రోశమ్మ రాయునది.

నాయనా అని పిలిస్తే నువ్వు నాకు సగం జవాబే ఇస్తున్నావు. అందుకని ఈ ఉత్తరంలో నాయనా అని పిలవడం లేదు. పిలవకుండా రాయడానికి ఎంత కష్టంగా ఉందో మీకు తెలియదు. రాస్తూ రెండు కాగితాలు తడిపాను.

వచ్చే పున్నమి మంగళవారం, సెప్టెంబరు ఒకటో తేదీ. ఆ రోజు పొద్దున ఊరందరి ముందు పాతర మూత తీస్తాను. కర్ర దించుతాను. పద్నాలుగేళ్ళు ఆ ముద్ర పట్టినవారు మీరు. లోపల నాకు ఏం కనబడబోతుందో ఆలోగా చెప్పాలి. తక్కువ ఉంటే ఎందుకు తక్కువో చెప్పాలి. అడిగే హక్కు నాది, చెప్పే బాధ్యత మీది. ముప్పైఎనిమిది చింతగింజలు నాకు ఆ హక్కు ఇచ్చాయి.

చెప్పకపోయినా మూత తీయడం ఆగదు. ముద్ర ఎవరికీ ఇవ్వను. తండ్రి కోసమైనా ఇవ్వను. వానలు లేని ఏడు ఇది, అరవైమూడు పొయ్యిలకు అదొక్కటే ఆధారం.

రోశమ్మ
ట్రెజరరు


(గోనెపట్టాలో చుట్టి పుల్లారావు చేత పంపిన పలక, రెండు వైపులా)

రోశమ్మా. ఇంకొకరి చేత రాయించలేక నేనే గీకుతున్నా. మూడేండ్ల కింద మీ మామ తన కూతురు పెండ్లికి ఆరు బస్తాలు అడిగినాడు. వారంలో తిరిగి పోస్తానన్నాడు. వియ్యంకుడు, కాదనలేకపోయినా.

ఒంటిగా పాతర తీసినా. నేనే మళ్ళా ముద్ర వేసినా. ఆయన పోయలేదు. నేను అడగలేదు. తప్పు నాది. అందరికీ చదువు. బలపంతో రాస్తే తుడుస్తారని మేకుతో గీకినా.
నరసింహులు


రాళ్లవాగుపల్లె
2-9-1936

నాయనకు,

మళ్ళీ నాయనా అని రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెబుతాను.

పుల్లారావు గారు ఆదివారం సాయంత్రం పలక తెచ్చి ఇచ్చారు. గోనెపట్టా విప్పి పొయ్యి వెలుగులో చదివాను. సుబ్బయ్య కూడా పలక తీసుకుని చదివాడు. ఒక పక్క వాళ్ళ నాయన, ఒక పక్క మా నాయన. "ఏం చేద్దాం?" అన్నాను. "నన్నెందుకు అడుగుతావు? గింజలు నీకు వేసినారు" అన్నాడు. పలక మళ్ళీ నా చేతిలో పెట్టి "చదువు" అన్నాడు.

మంగళవారం పొద్దున పాతర దగ్గర అందరూ కూడారు. మామ మంచం వేయించుకుని కూర్చున్నాడు. ముందుగా నేనే మాట్లాడాను. "నాదొక తప్పు ఉండాది. ముద్ర తీసుకునేనాడు కర్ర దించలేదు. మా నాయన ముద్ర కదా అని నమ్మినా. ట్రెజరరుకు నాయన ఉండకూడదు. అది నాకు ఇప్పుడు తెలిసింది" అన్నాను.

మామ వెంటనే లేచాడు. "విన్నారా! తవ్వితే ఇంకా బయటపడతాది. ఈ పాతరను నరసింహులు ఒంటిగా తీసినాడు. నాకు తెలుసు. కొంప పరువని ఇన్నాళ్ళు దాచినా" అన్నాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా నా వైపు చూశారు. "అవును, తీసినాడు. ఆయనే రాసి పంపినాడు. వినండి" అని పలక పైకెత్తాను.

చదివాను నాయనా. ఒక్క అక్షరం మింగలేదు. "ఒంటిగా పాతర తీసినా" అన్నచోటు వచ్చింది. అయినా ఆపలేదు. మామ పేరు దగ్గర మాత్రం ఎందుకో గొంతు బాగా లేచింది.

మామ వచ్చి పలక లాక్కున్నాడు. "పలక మీద రాత! తుడిస్తే పోయే రాతకు ఊరంతా కూడాలా?" అని తువ్వాలు చెంబులో ముంచి రుద్దాడు. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. తడి తగిలేసరికి రాయి నల్లబడి అక్షరాలు ఇంకా తెల్లగా తేలాయి. మల్లమ్మవ్వ కర్ర ఆనించుకుని ముందుకొచ్చి, "రుద్దు పిచ్చయ్యా, ఇంకా రుద్దు. సున్నం తెమ్మంటావా?" అంది. నవ్వు మొదట ఎక్కడ పుట్టిందో తెలియదు గానీ ఊరంతా నవ్వింది. ఎనభై ఎకరాల ఆసామి తడి తువ్వాలుతో నిలబడిపోయాడు.

మూత తీసి కర్ర దించాం. జానెడు తక్కువ. ఆరు బస్తాలకు సరిపోతుందని పెద్దవాళ్ళు తేల్చారు.

అప్పుడు ముద్ర తీసి మల్లమ్మవ్వ ముందు పెట్టాను. "నేను కూడా తప్పినా కాబట్టి మళ్ళా గింజలు వేయండి. కావాలంటే నాకియ్యండి, వద్దంటే ఇంకొకరికి" అన్నాను. కుండలు తెచ్చి మల్లమ్మవ్వ ఇంటి లోపల పెట్టబోతుంటే మా అత్త కాశమ్మ వచ్చింది. ఇరవై మంది కూర్చుని తినే ఇంటికి నలభై ఏళ్ళుగా పొయ్యి రాజేస్తున్న మనిషి, ఊళ్ళో ఎవరితోనూ గట్టిగా మాట్లాడింది లేదు. "లోపలెందుకు? ఈడనే వేస్తా" అంది. మామ వైపు తిరిగి, "ఆ ఆరు బస్తాల వంట నేనే వండినా. ఎక్కడివని అడిగితే కొన్నానంటివి. అబద్ధం తినిపించినావు, పెండ్లికొచ్చిన వాళ్ళందరికీ" అని అందరూ చూస్తుండగా తన చింతగింజ నా కుండలో వేసింది. అరవైమూడులో యాభైతొమ్మిది నాకే పడ్డాయి.

ఆరు బస్తాలు మామ నిన్న సాయంత్రమే పోశాడు. పెద్దకొడుకు మోశాడు, సుబ్బయ్య కూడా ఒక బస్తా మోశాడు. ఈ పొద్దు పొయ్యికింతని పంచుతున్నాం.

ఇక నీ సంగతి. ఒంటిగా తీసిన మనిషి పేరు మళ్ళీ ఎప్పుడూ ఎన్నికకు రాకూడదని మల్లమ్మవ్వే అంది. ఏడుస్తూ అంది. ఎవరు ఒప్పుకుంటారని అడిగితే చేతులు లేచాయి. నేనూ ఎత్తాను నాయనా. నా చెయ్యి కూడా ఎత్తాను. ఆ తీర్పు ట్రెజరరుగా ఇచ్చేశాను. ఇక నీతో బిడ్డగా మాట్లాడాలని ఈ ఉత్తరం నాయనా అని మొదలుపెట్టాను.

ఆ పలకను పాతర మూత మీద బిగించాలని ఊరు నిర్ణయించింది. ముద్ర పట్టే ప్రతి మనిషీ చూడాలని. బిగించేటప్పుడు మాత్రం నీ పేరున్న వైపు కిందికి బోర్లించి పెట్టించాను. నీ పేరు ఎండలో పడి ఉండడం చూడలేను.

నీ బిడ్డ
రోశమ్మ


మార్కాపురం
9-9-1936

రాళ్లవాగుపల్లె పాతర ట్రెజరరమ్మ గారికి,

ఇక మీదట నన్ను ఎన్నుకోకూడదన్న తీర్పు అందింది. న్యాయమే. నువ్వు చెయ్యి ఎత్తావన్న మాట పుల్లారావు గారి చేత మూడుసార్లు చదివించుకున్నాను. నేను ఆ రోజు వియ్యంకుడి ముఖం చూసి చెయ్యి దించాను. నువ్వు నాయన ముఖం చూసి కూడా ఎత్తావు. నాకంతకంటే ఏం కావాలి?

ఒక్క విషయంలో మాత్రం తప్పు చేశావు. పలక బోర్లించి పెట్టడానికి నీకెవరు అధికారం ఇచ్చారు? అందరూ చూడాలని ఊరు అంటే, నువ్వు దాచావు. నేను మేకు పట్టి మూడు రోజులు గీకింది మట్టికి చదివించడానికా? రెండు వేళ్ళు తెగాయి, కనబడక. మళ్ళీ మొహమాటం! మొహమాటంతోనే కదా ఆరు బస్తాలు పోయాయి.

తిప్పి పెట్టు. నా పేరు పైకి ఉండాలి. ఇది నాయన చెప్పే మాట కాదు, ఆ కొలువు పద్నాలుగేళ్ళు చేసి తప్పినవాడు చెప్పే మాట.

నరసింహులు

అమ్మాయీ, పుల్లారావు. ఈ మాటలు చెబుతూ మీ నాయన నా కొట్టు ముందు లేచి నిలబడ్డాడు. కాఫీ తెప్పించాను. ఈసారి తాగాడు.


రాళ్లవాగుపల్లె
14-9-1936

నాయనకు,

తిప్పాను.

రోశమ్మ
ట్రెజరరు